నోరు విప్పనివాళ్ళకు మనం పెట్టే పేర్లు

కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి మొదటి నెల్లాళ్ళు పెద్దగా మాట్లాడదు. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. అత్తగారు ఫోన్లో చుట్టాలతో "మా కోడలు నెమ్మదస్తురాలు వదినా, అణకువ ఎక్కువ" అంటుంది. ఆడపడుచు తన భర్తతో "ఆ పిల్ల లోతు మనిషండీ, కడుపులో ఏముందో బయటపడదు" అంటుంది. పక్కింటావిడ "పాపం, కొత్త కదా, బెరుకు" అని సర్దుతుంది. భర్తేమో రెండు రోజులుగా ఆమె ముభావంగా ఉందని కనిపెట్టి, ఏమైందని అడగాలా వద్దా అని తటపటాయిస్తుంటాడు. ఆ అమ్మాయి ఈ నలుగురి దగ్గరా ఒకేలా ఉంది. ఎవరికీ ఏదీ ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు.

నెమ్మది అన్న అత్తగారికి తనకు ఎదురు చెప్పే కోడలు రాలేదన్న నిశ్చింత ఉంది. లోతు అన్న ఆడపడుచుకి అనుమానం ఉంది. బెరుకు అన్నావిడ ఇది నాలుగు నెలల్లో పోయేదే అనుకుంది. ముభావం అన్న భర్తకి మాత్రం దీని వెనక ఒక కారణం ఉందని, అది తనే అయ్యుండొచ్చని తోచింది. మాట్లాడని మనిషి గురించి వాడే మాటల్లో ఆ మనిషికన్నా పక్కవాళ్ళే ఎక్కువ కనిపిస్తారని నేను గట్టిగా నమ్ముతాను. ఏ మాట ఎక్కడ పడుతుందో తెలియకుండా వాడితే ఒక మనిషికి జీవితాంతం తప్పుడు పేరు అంటుకుపోతుంది కాబట్టే ఈ చిక్కుముడి విప్పడం అవసరం.

చిక్కు ఎక్కడంటే, మూడు వేర్వేరు సంగతుల్ని మనం ఒకే గాటన కట్టేస్తున్నాం. నోరు మెదపకపోవడం ఒకటి. లోపలి మాట బయటికి పొక్కనివ్వకపోవడం రెండోది. ఉద్దేశాన్నే దాచిపెట్టడం మూడోది. బాగా వాగే మనిషి కూడా తన ఇంటి సంగతి ఒక్కటీ బయటపెట్టకపోవచ్చు. రోజుకి పది మాటలు మాట్లాడే మనిషి ఆ పదింట్లోనే అందరి గుట్టూ విప్పేయొచ్చు. తెలుగు నుడికారానికి ఈ తేడా బాగా తెలుసు. మొదటిదాన్ని నోటికి, పెదవికి, నాలుకకి కట్టింది. రెండోదాన్ని కడుపులో పెట్టింది. మూడోదాన్ని బుద్ధికి ముడేసింది. ఆ హద్దుల్ని చెరిపేస్తున్నది మనమే.

నోటి దగ్గర మొదలుపెడదాం. ఇక్కడున్న మాటల్లో చాలావాటి వెనక భయం ఉంది. కిక్కురుమనకుండా, కిమ్మనకుండా, కుయ్‌కయ్‌మనకుండా, కుక్కిన పేనులా పడి ఉండడం... ఇవన్నీ ఎవరో ఒకరు పైన ఉన్నప్పుడే పుట్టే మౌనాలు. "తరగతిలో పిల్లలు కిక్కురుమనకుండా కూర్చున్నారు" అంటే పంతులుగారు ఎలాంటివారో తెలిసిపోయింది. "నోట్లో నాలుక లేని మనిషి" అన్నప్పుడు కూడా అంతే. ఆ మనిషికి మాటలు రాక కాదు, ఎవరైనా ఏదైనా అంటే తిరిగి అనలేడు. అది మెచ్చుకోలులా వినిపిస్తుంది గాని, నోరులేనివాళ్ళ మీద ఊరు ఎంత బరువు మోపుతుందో ఊళ్ళో ఉన్నవాళ్ళకి తెలుసు. పొలం గట్టు తగాదాలో, వాటాల పంపకంలో ఎప్పుడూ నష్టపోయేది ఆయనే. తర్వాత "ఆయన బంగారం లాంటి మనిషి, పల్లెత్తు మాట అనలేదు" అని చెప్పుకుంటారు.

ఇదే నోటి దగ్గర భయం లేని మౌనాలూ ఉన్నాయి. నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాడు జరుగుతున్నదేదీ తనది కాదన్నట్టు ఉంటాడు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నవాణ్ణి ఎన్నిసార్లు అడిగినా ఉలుకూ పలుకూ ఉండదు. మిన్నకున్నవాడికి మాట్లాడే అవకాశం ఉంది, అధికారమూ ఉంది, అయినా ఊరుకున్నాడు. ఆ మాటలో అందుకే కాస్త నింద వినిపిస్తుంది. నోరు మెదపమని కాక మెదపవద్దని చెప్పేటప్పుడు ప్రాంతాల తేడా బాగా తెలుస్తుంది. చిత్తూరు, నెల్లూరు వైపు గమ్మునుండమంటారు. తెలంగాణలో ఊకోమంటారు, సప్పుడు చెయ్యొద్దంటారు. కోస్తాలో ఊరుకోమంటారు. ఊకోవడంలో, ఊరుకోవడంలో నోరు మూసుకోవడమే కాదు, ఓర్చుకోవడమూ ఏడుపు ఆపడమూ కూడా ఉన్నాయి. చావు జరిగిన ఇంటికి వెళ్ళి ఏడుస్తున్నావిడతో "ఊరుకో అమ్మా" అన్నప్పుడు ఆమెని నోరు మూసుకోమన్నారని ఎవరూ అనుకోరు.

ముభావం ఈ వరసలో ఇమడదు. అది స్వభావం పేరు కాదు, ఆ పూట సంగతి. నిన్నటిదాకా మాట్లాడిన మనిషి ఇవాళ ముక్తసరిగా జవాబిస్తే ముభావంగా ఉన్నాడంటాం. కాబట్టి పుట్టుకతో తక్కువ మాట్లాడే మనిషిని ముభావంగా ఉన్నాడనడం పొరపాటు. ఆ మాట అనగానే వినేవాళ్ళు కారణం వెతకడం మొదలుపెడతారు, ఎవరి మీద కోపమోనని లెక్కలు వేస్తారు. ఆఫీసుల్లో ఇది రోజూ జరిగేదే. తన పని తాను చేసుకుని ఐదున్నరకి లేచి వెళ్ళే మనిషి గురించి "ఈ మధ్య ముభావంగా ఉంటున్నాడు, మానేస్తాడేమో" అని ప్రచారం పుడుతుంది. ఆయన చేరిన రోజు నుంచీ అలాగే ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు.

స్వభావానికి మన దగ్గరున్న గౌరవమైన మాట మితభాషి. సన్మానపత్రాల్లో, సంతాప సభల్లో ఈ మాట తప్పదు. "సౌమ్యుడు, మితభాషి" అని జంటగా వస్తుంది. దీని వెనక పెద్ద సంప్రదాయమే ఉంది. రఘువంశ కావ్యం మొదట్లో కాళిదాసు రఘురాజుల గుణాలు చెబుతూ "సత్యాయ మితభాషిణామ్" అన్నాడు. వాళ్ళు తక్కువ మాట్లాడింది సత్యం కోసం. ఎక్కువ మాట్లాడితే ఎక్కడో ఒకచోట అబద్ధం దొర్లుతుందన్న జాగ్రత్త అది. అంటే మితభాషి అనిపించుకోవాలంటే మాటలు తక్కువైతే చాలదు, ఉన్న మాటలు నిజం కావాలి. ఆ రఘురాజుల వంశంలోనే పుట్టిన రాముణ్ణి వాల్మీకి ఏమన్నాడో చూడండి. అయోధ్యకాండ మొదట్లో ఆయన "మధురాభాషీ పూర్వభాషీ" అన్నాడు. పూర్వభాషి అంటే ఎదుటివాళ్ళు పలకరించేదాకా ఆగకుండా తనే ముందు పలకరించేవాడు. యువరాజు వీధిలో ఎవరు కనిపించినా తనే ముందు క్షేమం అడుగుతాడు. మాట మితంగా ఉండడానికీ మనుషులకు దూరంగా ఉండడానికీ సంబంధం లేదని ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే తేటతెల్లమవుతుంది. మెట్ల మీద ఎదురైన పనిమనిషిని పలకరించని పెద్దమనిషిని మితభాషి అనడం కాళిదాసుకి అన్యాయం చేయడమే.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. మితభాషి బిరుదు ఎక్కువగా మగవాళ్ళకే దక్కుతుంది, అదీ హోదా ఉన్నవాళ్ళకి. అంతే మాట్లాడే ఆడమనిషిని ముంగి అంటారు. పెళ్ళిచూపుల నుంచి వచ్చి "పిల్ల ముంగిలా కూర్చుంది, హుషారు లేదు" అంటారు. అదే చూపుల్లో అబ్బాయి తలెత్తకుండా కాఫీ తాగి లేస్తే "కుర్రాడు బుద్ధిమంతుడు, మితభాషి". హోదా లేని మగవాడైతే ముద్దపప్పు, మొద్దు, మూగెద్దు. మాటల కరువు అందరిదీ ఒకటే అయినా పేర్లు మాత్రం జీతాన్ని బట్టి, ఆడామగా తేడాని బట్టి పంచుతున్నాం.

మౌనం వేరే సంగతి. ముని స్థితి మౌనం. సంస్కృత నిఘంటువు అమరకోశం ముని అన్న పేరు పక్కనే వాచంయముడు అన్న పేరునీ పెట్టింది, వాక్కుని అదుపులో పెట్టుకున్నవాడని. కానీ భగవద్గీత ఇంకో అడుగు లోపలికి వేసింది. 17వ అధ్యాయంలో తపస్సుల్ని శరీరానికి, వాక్కుకి, మనస్సుకి విడగొట్టి చెబుతుంది. మౌనం వాక్కు తపస్సులో ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. అక్కడ లేదు. వాక్కు తపస్సంటే ఎదుటివాణ్ణి కలతపెట్టకుండా, నిజమూ ప్రియమూ హితమూ అయిన మాట మాట్లాడడమని చెప్పి, మౌనాన్ని మనస్సు తపస్సులో చేర్చింది. నోరు మూసుకుని లోపల వంద వాదనలు నడిపేవాడు ఆ లెక్కన మౌని కాడు. ఉపవాసం రోజు మౌనవ్రతం పట్టి, కావలసినవన్నీ కాగితం మీద రాసి చూపించి ఇంటిల్లిపాదినీ పరుగులు పెట్టించేవాళ్ళని చూసినప్పుడు ఆ విభజన ఎంత సూక్ష్మమో అర్థమవుతుంది.

ఇక కడుపులోకి వెళ్దాం. ఇక్కడి రాజ్యమంతా గుట్టుది. గుట్టు మనిషి అంటే మాట్లాడని మనిషని కాదు, అరుగు మీద గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పి కూడా ఇంట్లో ఏం జరుగుతోందో ఒక్క ముక్క దొర్లనివ్వని మనిషి. "సంసారం గుట్టు, రోగం రట్టు" అన్న సామెతలో ఎంతో లోకజ్ఞానం ఉంది. ఇంటి ఇబ్బందులు దాచుకోవాలి, జబ్బు మాత్రం నలుగురికీ చెప్పాలి, ఎవరికి ఏ వైద్యం తెలుసో అని. కానీ ఆ సామెతలో మొదటి సగం ఎందరో ఆడవాళ్ళ నోరు నొక్కింది. భర్త కొట్టినా గుట్టుగా కాపురం చేసుకుంటోందని మెచ్చుకున్న రోజులు మరీ పాతవి కావు. గుట్టు తనంతట తాను పాటించినప్పుడే గుణం. పక్కవాళ్ళు పాటించమన్నప్పుడు దాని పేరు వేరు.

గుట్టుకి దగ్గరగా ఉండి, ఇంకాస్త చదువుకున్న మాట గుంభనం. కవిత్వ విమర్శలో శబ్దగుంభనం అంటే మాటల్ని కూర్చి అల్లడం. మనిషికి చెప్పినప్పుడు మాత్రం లోపల ఏదో ఉంది, అది ఉందని మనకీ తెలుస్తోంది, విప్పి చెప్పడంలేదు అని. గుంభనంగా నవ్వాడంటే అతనికి సంగతి తెలుసు. ఏమీ తెలియనివాడు గుంభనంగా ఉండలేడు. లోగుట్టు పెరుమాళ్ళకెరుక అనేది ఇలాంటివాళ్ళ దగ్గరే.

కడుపులో మాట ఆగనివాళ్ళని నోట్లో నువ్వుగింజ నానదంటారు. నువ్వుగింజ నానడానికి పెద్ద సమయం పట్టదు, ఆ కాస్సేపు కూడా నోరు మూసుకోలేరని. ఈ మాట మనవాళ్ళు ఆడవాళ్ళకి అంటగట్టి, వెంటనే ధర్మరాజు శాపం ఎత్తుతారు. ఆ కథ ఒకసారి నిదానంగా చూడాలి. యుద్ధం ముగిసి చచ్చిపోయినవాళ్ళకి తర్పణాలు వదిలే వేళ, కర్ణుడు మీ అన్న అని కుంతి కొడుకులకి చెబుతుంది. ధర్మరాజు కుమిలిపోయి, శాంతిపర్వంలో లోకంలోని ఆడవాళ్ళెవరి దగ్గరా రహస్యం నిలవకుండుగాక అని శపిస్తాడు. ఆ శాపానికి కారణమైన ఆడమనిషి ఒక రహస్యాన్ని కన్నెప్రాయం నుంచి కొడుకు చచ్చేదాకా మోసింది. ఆమె ఒక్కతే మోసిందా అంటే అదీ కాదు. యుద్ధానికి ముందే కృష్ణుడికి తెలుసు, ఆయనే కర్ణుడికి చెప్పాడు. కర్ణుడు ఈ సంగతి ధర్మరాజుకి చెప్పొద్దని కృష్ణుణ్ణి కోరాడు. అంపశయ్య మీదున్న భీష్ముడికీ తెలుసు. అంతమంది మగవాళ్ళు అదే మాటని కడుపులో దాచుకుంటే దాన్ని రాజనీతి, ధర్మం అన్నారు. శాపం మాత్రం ఆడవాళ్ళకి తగిలింది. భారతం చదివిన జాతి ఆ కథని ఆడవాళ్ళ నోటికి సాక్ష్యంగా వాడడం కన్నా విడ్డూరం ఉండదు.

గుట్టు ఎక్కడ ఆగి దాపరికం ఎక్కడ మొదలవుతుంది? వార్తాపత్రికల్లో గుట్టు ఎప్పుడూ రట్టయ్యేదే, గంజాయి ముఠాదో నకిలీ విత్తనాలవాళ్ళదో. గుట్టుగా అంటే పరువుగా, గుట్టుచప్పుడు కాకుండా అంటే దొంగచాటుగా. చప్పుడు చేరేసరికి మాట స్థాయి పడిపోయింది. ఈ హద్దు గీయడానికి నాకు బాగా అక్కరకొచ్చింది సామెత కాదు, చట్టం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ ఊరికే మాట్లాడకపోవడం మోసం కాదంటుంది, చెప్పాల్సిన బాధ్యత ఉంటే తప్ప. దానికి ఇచ్చిన ఉదాహరణలు గుర్రం అమ్మకం మీద నడుస్తాయి. గుర్రానికి లోపం ఉందని తెలిసినా వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మితే మోసం కాదు. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే ఆ బంధం వల్ల చెప్పి తీరాలి. "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను" అని అడిగినప్పుడు నోరు మెదపకపోతే, ఆ ఊరుకోవడం మాట చెప్పినట్టే.

దీన్ని మన పెళ్ళి సంబంధాల దగ్గరికి తెచ్చి చూడండి. అబ్బాయికి పాతికేళ్ళ వయసులో ఎవరో నచ్చారన్న సంగతి అతని గుట్టు. ముందే ఒక పెళ్ళయి విడాకులు తీసుకున్న సంగతి చెప్పకపోతే దాపరికం. తేడా అంతా ఆ సంగతి తెలియకపోతే ఎదుటివాళ్ళకి ఏం నష్టమన్నదే. మితభాషి అన్న పేరు చాటున ఎన్నో దాపరికాలు పెళ్ళిపందిరి దాకా వచ్చేస్తుంటాయి. "మా వాడు పెద్దగా మాట్లాడడండీ" అనేది అప్పుడు స్వభావం చెప్పడం కాదు, అడగొద్దని చెప్పడం.

ఇక బుద్ధిని దాచేవాళ్ళు. నంగనాచి, మేకవన్నె పులి, కొంగజపం చేసేవాడు, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉండేవాడు. వీళ్ళ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక్కటే గమనించాలి. ఈ మాటలన్నీ అసలు సంగతి తేలాక వాడాల్సినవి. మేకవన్నె పులి అనాలంటే పులి చేసిన పని కనబడి ఉండాలి. కనబడకముందే, మాట్లాడకపోవడమే సాక్ష్యంగా ఒకరిని నంగనాచి అంటే అది వట్టి నీలాపనింద.

ఒకే మనిషి మౌనానికి ఊరంతా తలో పేరు పెట్టడం చూడాలంటే పి.వి. నరసింహారావును మించిన ఉదాహరణ తెలుగువాళ్ళకు లేదు. ఎన్నో భాషలు మాట్లాడగలిగిన ఆయన ఏ భాషలోనూ తొందరపడి మాట్లాడకపోవడమే దేశానికి గుర్తుండిపోయింది. కార్టూనిస్టులు ఆ ముందుకొచ్చిన పెదవి గీస్తే చాలు, పేరు రాయక్కర్లేకపోయేది. 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలైనప్పుడు ఆ మౌనం గుంభనమైంది, రాజనీతి అయింది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలినప్పుడు అదే మౌనం నాన్చుడు ధోరణి అయింది, మిన్నకుండడమైంది. ఫలితం ఏమైందన్నదాన్ని బట్టే మౌనానికి పేరు పడింది. ఆయన పక్షం, ప్రతిపక్షం ఇద్దరూ ఆయన నోటినే చూశారు గాని, ఏ విషయంలో ఎవరికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆయనకుందో విడివిడిగా అడిగినవాళ్ళు తక్కువ. ప్రధానమంత్రి స్వభావరీత్యా మితభాషి కావచ్చు, అది ఆయన ఇష్టం. పౌరుల ప్రాణాల విషయంలో మాట్లాడడం పదవి మోపిన బాధ్యత. ఆ రెండింటికీ ఒకే పేరు పెట్టడం కుదరదు.

మౌనం అర్ధాంగీకారం అన్న మాటని కూడా ఇక్కడే పక్కకి పెట్టాలి. పెద్దల ముందు తలదించుకున్న ఆడపిల్ల మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కవేసి ముహూర్తాలు పెట్టించిన సామెత అది. నేరారోపణ ఎదుర్కొంటున్న మనిషికి రాజ్యాంగం 20(3) అధికరణంలో తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పనక్కర్లేని హక్కు ఇచ్చింది. 1978లో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శత్పథి కేసులో సుప్రీంకోర్టు ఆ రక్షణ పోలీసు విచారణ గదిలోనూ ఉందని చెప్పింది. ముద్దాయి మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదని న్యాయం అంటుంటే, పెళ్ళికూతురి మౌనాన్ని తీసుకోవచ్చని ఇల్లు అంటోంది.

ఈ తరం ఈ మాటలన్నిటి బదులు ఇంట్రోవర్ట్ అనేస్తోంది. 1921లో స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ మనస్తత్వ రకాల మీద రాసినప్పుడు ప్రచారంలోకి వచ్చిన మాట అది. తెలుగులో దానికి అంతర్ముఖుడు అని పెట్టుకున్నాం. శుక్రవారం లలితా సహస్రనామం చదివే ఇళ్ళలో "అంతర్ముఖసమారాధ్యా బహిర్ముఖసుదుర్లభా" అని ఎప్పటినుంచో అంటూనే ఉన్నారు. అక్కడ అంతర్ముఖులంటే చూపు లోపలికి తిప్పి ఉపాసించేవాళ్ళు, పార్టీకి వెళ్ళడానికి ఇష్టపడనివాళ్ళు కారు. అయినా ఈ కొత్త మాట మంచే చేసిందని నా అభిప్రాయం. ముంగి, మొద్దు అనిపించుకున్న అమ్మాయి "నేను ఇంట్రోవర్ట్‌ని" అని తన పేరు తానే చెప్పుకోగలుగుతోంది. ఇబ్బంది ఏమిటంటే భయాన్ని కూడా ఈ మాట కప్పేస్తోంది. నలుగురిలో ఉంటే శక్తి తగ్గిపోయినట్టు అనిపించి ఒంటరిగా కూర్చునే మనిషి వేరు. నలుగురిలోకి వెళ్ళాలని ఉన్నా గుండె దడ వచ్చి వెళ్ళలేని మనిషి వేరు. మొదటివాళ్ళని వదిలేస్తే చాలు. రెండోవాళ్ళకి సాయం కావాలి, అందుకు వైద్యం ఉంది.

పిల్లల దగ్గర ఈ పొరపాటు చాలా ఖరీదైనది. ఇంట్లో గలగలా మాట్లాడే పాప బడిలో ఒక్క మాట మాట్లాడదు. నెలలు గడుస్తాయి. పేరు పిలిస్తే పలకదు, దాహం వేసినా అడగదు. టీచర్ మొండి అంటుంది. తల్లేమో "ఇంట్లో నోరు మూయదండీ, మీ దగ్గరే ఎందుకో" అంటుంది, దాంతో మొండితనం ఖాయమైపోతుంది. ఇది వైద్యులకు తెలిసిన స్థితే. అమెరికన్ మనోవైద్యుల సంఘం దీన్ని 1980లో ఎలెక్టివ్ మ్యూటిజం అంది, అంటే పిల్ల తనే ఎంచుకుని మాట్లాడడం మానేసిందన్నట్టు. అది తప్పుదారి పట్టిస్తోందని 1994లో సెలెక్టివ్ మ్యూటిజం అని మార్చింది, కొన్నిచోట్ల మాత్రమే మాట రావడంలేదని. 2013లో దీన్ని ఆందోళన రుగ్మతల్లో చేర్చారు. బడిలో చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు, అది అందరికీ ఉండే బెరుకే. విదేశాల్లో తెలుగు ఇళ్ళ నుంచి ఇంగ్లీషు బడికి వెళ్ళే పిల్లలు కొత్త భాష చెవికి ఎక్కేదాకా ఊరుకోవడం కూడా ఈ కోవలోకి రాదు.

ఇలాంటి పిల్ల మీ తరగతిలో ఉంటే ప్రోగ్రెస్ రిపోర్టులో మొండి అనో, సైలెంట్ అనో రాయకండి. ఎవరితో గుసగుసలాడుతుంది, ఎక్కడ తల మాత్రం ఊపుతుంది, ఆటస్థలంలో మాట వస్తోందా, తల్లి గుమ్మం దగ్గర ఉన్నప్పుడు పలుకుతోందా అని చూసి రాయండి. బహుమతి ఆశ చూపి అందరి ముందూ మాట్లాడించే ప్రయత్నం చెయ్యకండి, భయం ఇంకా బిగుసుకుంటుంది. మీరు రాసిన ఆ నాలుగు వాక్యాలూ పట్టుకుని తల్లిదండ్రులు పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి వెళ్తే, వాళ్ళకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.